మనం కాదు, మేము

"పెదనాన్నకి ఆయాసం ఎక్కువైంది. ఉన్నపళంగా రా."

ఫోన్‌లో వచ్చిన కబురు అంతే. చెప్పుల షాపులో ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి పాత చెప్పు వేసుకుని నిలబడ్డ పిన్ని, నలుగురికీ వినపడేలా "అయ్యయ్యో" అంది. షాపులో కుర్రాడు జాలిపడి, "పెద్దాయనకి ఏం కాదులెండి మేడమ్," అన్నాడు. పిన్ని కళ్ళొత్తుకుని, రెండో పాత చెప్పు కూడా తగిలించుకుని బయటపడింది.

పెదనాన్నకి ఆయాసమూ లేదు, గీయాసమూ లేదు. మూడంతస్తుల మెట్లు ఈల వేసుకుంటూ ఎక్కుతాడు. ఆయన సీక్రెట్ సర్వీస్ చీఫ్. లోపలివాళ్ళు ఆ సర్వీస్‌ని 'ఇల్లు' అంటారు. ఇంట్లో ఎవరికీ పేర్లుండవు, వరసలే ఉంటాయి. ఎవడైనా ఫోన్ ట్యాప్ చేసినా వాడికి చుట్టాల గోల తప్ప ఏమీ వినపడకూడదని వెనకటికెవరో మహానుభావుడు పెట్టిన పద్ధతి. గాడ్జెట్లు చేసేవాడు బావ. శత్రువుల మధ్య కాపురముండేది వదిన. తాతయ్య పోయాడంటే ఆపరేషన్ రద్దయిందని అర్థం. ఆయాసమంటే ఎమర్జెన్సీ.

పిన్నికి నలభై ఆరేళ్ళు. ఎవరూ రెండోసారి చూడని మొహం ఆవిడది, ఈ ఉద్యోగంలో అంతకు మించిన ఆస్తి లేదు. ఉన్న జబ్బల్లా ఒకటే, వికారం. ఊళ్ళోవాళ్ళ మెసేజ్‌లు, ఫొటోలు, ఫోన్‌లో గుసగుసలు తవ్వి తీసినప్పుడల్లా ఆవిడ కడుపులో తిప్పుతుంది. ఇరవయ్యేళ్ళ సర్వీసులో అది తగ్గలేదు సరికదా, ముదిరింది. అందుకని బుగ్గన ఒక లవంగం పెట్టుకుని గానీ పని మొదలుపెట్టదు.

ఇల్లు ఒక డ్రైక్లీనింగ్ షాపు మేడ మీద ఉంది. కింద ఇస్త్రీ మిషన్లు బుస్సుమంటుంటే, ఉతికే మందు వాసన మెట్లెక్కి మరీ పైకొస్తుంది. పెదనాన్న కిటికీలు మూసి, ప్రొజెక్టర్‌తో గోడ మీద ఒక బొమ్మ వేశాడు. తెల్లటి అద్దాల ఆఫీసు, పైన 'తెల్లకాగితం' అని బోర్డు.

"ఆన్‌లైన్ రెప్యుటేషన్ మేనేజ్‌మెంట్," అన్నాడు. "ఉద్యోగానికి అప్లై చేసే కుర్రకారంతా వీళ్ళ దగ్గరికే పరుగు. ఇంటర్వ్యూకి పిలిచేముందు ఆఫీసులవాళ్ళు పిల్లల పాత పోస్టులన్నీ తవ్వుతున్నారు కదా."

"తవ్వుతారు. మనం తవ్వినట్టే."

పెదనాన్నకి కొన్ని మాటలు వినపడవు. "పాస్‌వర్డులన్నీ వీళ్ళ చేతిలో పెడితే చాలు. కోపంలో వాగినవి, ఎవరికో పంపి నాలిక కరుచుకున్నవి, చాటింగులో తిట్టుకున్నవి, అన్నీ వెతికి చెరిపేస్తారు. పిల్లాడు తెల్లకాగితం అయిపోతాడు."

"ఉతికిన మురికినీళ్ళు ఎక్కడ పారబోస్తారు?"

"పారబోయరు. అదే కథ. పట్టి దాచుకుంటారు. ఆ పిల్లలే రేపు పోర్టుల్లో, కస్టమ్స్‌లో, మిలటరీ ఆఫీసుల్లో చేరతారు. చేరాక ఒక మెసేజ్ వస్తుంది. దీని వెనకున్నది విదేశీ ముఠా. నడిపేవాణ్ణి ప్రొఫెసర్ అంటారు. మన భాష పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు."

గోడ మీద బొమ్మ మారింది. నిన్న ఒక అమ్మాయి ఫోన్‌లో దొరికిన మెసేజ్. 'మనం నీ వీడియో చూశాం. నువ్వు మాట వినకపోతే మనం దాన్ని మీ నాన్నకి పంపుతాం.'

మూల కూర్చున్న బావ కిసుక్కున నవ్వాడు. "మనం పంపుతామంటాడేంటి? ఆ పిల్ల కూడా వీడితో కలిసి పంపుతుందా?"

"వాళ్ళ భాషలో రెండిటికీ ఒకటే మాట," అంది పిన్ని. "ఎదుటిమనిషిని కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. మనకి పాలు తాగే వయసులోనే పట్టుబడిపోతుంది. వాడికి ఎన్ని పుస్తకాలు నమిలినా రాలేదు."

ఆ మెసేజ్ అందుకున్న అమ్మాయి ఫొటో వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. పవర్ గ్రిడ్ కంట్రోల్ రూమ్‌లో జూనియర్ ఆపరేటర్. ఈ రోజుల్లో అందరు పిల్లల్లాగే ఈమెకీ రెండు అకౌంట్లు. ఒకటి చుట్టాల అకౌంట్. అందులో పువ్వులు, సూర్యోదయాలు, శుభోదయాలు. రెండోది ముసుగు పేరుతో స్నేహితులకి మాత్రమే. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ రెండోదాంట్లో ఒక వీడియో పెట్టింది. వాళ్ళ నాన్న బస్సు కండక్టర్. ఆయనకి నత్తి. ఈమె మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఆయన టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని, ఆయన స్టాపుల పేర్లు పిలిచేటప్పుడు ఎక్కడెక్కడ ఆగిపోతాడో చేసి చూపించింది. స్నేహితులు పడీపడీ నవ్వారు. అది చేతులు మారి లక్షల మంది చూశారు. ఆ తువ్వాలు వెనక ఉన్నది ఎవరో ఎవరికీ తెలియదు, ముఖ్యంగా వాళ్ళ నాన్నకి. ఉద్యోగానికి అప్లై చేసేముందు భయపడి తెల్లకాగితం మెట్లెక్కింది. అడుసు తొక్కింది, కాలు కడుక్కోబోయి ఊబిలో దిగింది.

"వేలెడంత పరికరం ఒకటి ఇస్తారట. కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ వెనక గుచ్చాలి. డ్యూటీ మారి, కొత్త ఆపరేటర్ లాగిన్ అవగానే అది నిద్ర లేస్తుంది. మూడు నగరాలకి కరెంటు పోతుంది. ఆసుపత్రులతో సహా. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఇంజనీర్లే చెప్పలేకపోతున్నారు," అన్నాడు పెదనాన్న. "ఇవాళే అని వదిన కబురు. నువ్వు వెళ్ళి వదినని కలిసి వివరాలు తీసుకో."

"పిల్లని ముందే పక్కకి తీసేస్తే?"

"తీసేస్తే ప్రొఫెసర్ ఎగిరిపోతాడు. ఉండనీ."

పిన్ని లవంగం అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి మార్చుకుంది.

బావ గాడ్జెట్లు తెచ్చాడు. రికార్డు చేసే వినికిడి మిషన్ ఒకటి, గుండుసూది తలకాయంత మైకు ఒకటి. ఒక ఫోన్ కూడా ఇచ్చి, "మీకో కొడుకుని తయారు చేశాను పిన్నిగారూ," అన్నాడు గర్వంగా. "బెంగపడుతున్న తల్లిగా వెళ్తున్నారు."

పిన్ని ఆ లేని కొడుకు పోస్టులు కాసేపు చూసింది. "ఇంత వెధవనా నేను కన్నది?"

"అందరు వెధవల దగ్గరా కాస్త కాస్త తీసుకున్నానండి."

*

తెల్లకాగితంలో కుర్చీలు తెలుపు, గోడలు తెలుపు, రిసెప్షన్ అమ్మాయి పళ్ళు మరీ తెలుపు. వెయిటింగ్ హాల్లో పాతికమంది పిల్లలు తలలు వంచుకుని ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. ఒక కుర్రాడు తన పాత ఫొటోలు ఒక్కొక్కటే చెరుపుతూ మధ్యలో ఒక దాని దగ్గర ఆగి నవ్వుకున్నాడు, ఆ వెంటనే దాన్ని కూడా చెరిపేశాడు. పక్కనే ఒక తండ్రి, కూతురి ఫోన్ ఆమెకి తెలియకుండా తన ఫోన్‌లో చూసుకునే ప్యాకేజీ ఉందా అని కౌంటర్‌లో అడుగుతున్నాడు. ఉందన్నారు. ఫ్యామిలీ ప్లాన్ అట.

లోపలికి తీసుకెళ్తున్న దారిలో ఒక తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. దాన్ని అక్కడివాళ్ళు లాండ్రీ అంటారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రకారు వరసగా కూర్చుని, తమ ఈడు పిల్లల వాయిస్ మెసేజ్‌లు వింటూ చీటీలు తగిలిస్తున్నారు. 'అమ్మతో గొడవ.' 'బూతులు.' 'బాస్ మీద చాడీ.' తలుపు దగ్గరున్న కుర్రాడు బిస్కెట్లు నములుతూ ఎవరిదో ఏడుపు వింటున్నాడు. పూర్తిగా విన్నాడు. 'ఏడుపు, పనికొస్తుంది' అని రాసి, చేతికంటిన పొడి ప్యాంటుకి తుడుచుకుని, తరవాతది నొక్కాడు.

పిన్నికి కడుపులోంచి తన్నుకొచ్చింది. వీళ్ళ మొహాన ఊసినా పాపం లేదనిపించింది. తన టేబుల్ మీద కూడా ఇలాంటి హెడ్‌ఫోన్లే ఉన్నాయని గుర్తొచ్చి, ఆ ఊసేదేదో మింగేసింది.

"మీ అబ్బాయిది ఎవరి పోలికండీ?"

వెనక నుంచి తేనె పూసిన గొంతు. వదిన. ముదురెరుపు కోటు, మెడ దగ్గర సన్నటి సిల్కు స్కార్ఫు, గదిలోకి తనకంటే ముందు వచ్చి తన తరవాత పోయే సెంటు. మూడేళ్ళుగా ప్రొఫెసర్‌కి కుడిభుజం, ఇంటికి కళ్ళూ చెవులూ. ఆమె నడిచొస్తుంటే లాండ్రీ కుర్రాళ్ళంతా హెడ్‌ఫోన్లు సర్దుకున్నారు.

"మేనమామ పోలిక," అంది పిన్ని. "ముక్కు మాత్రం మాది."

కోడ్ కలిసింది. వదిన తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"ఇంకో గంటలో అమ్మాయికి పరికరం ఇస్తున్నాను," అంది గొంతు తగ్గించి. "కంగారు పడకండి పిన్నిగారూ. అసలుది మార్చేశాను. అది ఉత్త డమ్మీ, గుచ్చినా బల్బు కూడా మిణకదు. ప్రొఫెసర్ రాత్రి విందు ఇస్తున్నాడు, అక్కడ పట్టుకుందాం. ఈలోగా మనవాళ్ళెవరినీ అమ్మాయి దగ్గరికి రానివ్వకండి. మూడేళ్ళ కష్టం మన చేతులారా పాడుచేసుకున్నవాళ్ళమవుతాం."

"అలాగే వదినా. జాగ్రత్త."

సెలవు తీసుకుంటూ పిన్ని ఆమెని కౌగిలించుకుంది. మైకు స్కార్ఫు మడతలో దూరింది. అనుమానం ఉండి కాదు, ఇరవయ్యేళ్ళ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఇంటి మనిషి మీద కూడా చెవి వెయ్యకుండా ఉండలేని బతుకైపోయిందని బయటికొచ్చాక తనని తానే తిట్టుకుంది. ఇంకో లవంగం తీసింది.

*

కంట్రోల్ రూమ్ భవనానికి కాస్త దూరంలో టాక్సీ ఆపించి, వెనక సీట్లో కూర్చుని వినికిడి మిషన్ సర్దుకుంది. వదిన కారులో రెండు గొంతులు. ఒకటి వదినది. రెండోది ఆ అమ్మాయిది.

"భయమెందుకు బంగారం? వెనక వైపు గుచ్చు, డ్యూటీ దిగిపో. మనం కలిసే వెళ్ళిపోతాం. నీకు పాస్‌పోర్టు కూడా రెడీ."

"వీడియో?"

"అది చెరిపేసినట్టే. నాలుగింటికి కొత్త ఆపరేటర్ లాగిన్ అవుతాడా, ఇక్కడ చీకటి. నిన్నెవరూ వెతికే స్థితిలో ఉండరు. పొద్దువాలేసరికి మేము దేశం దాటేసి ఉంటాం."

సీటు బెల్టు ఊడిన చప్పుడు.

"మరి నేను?"

"అదేనే, మనం. నువ్వు లేకుండానా? వెళ్ళు, వెళ్ళు, టైమవుతోంది."

కారు తలుపు పడింది. పిన్ని ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ వింది. ప్రొఫెసర్ ఆ మాట అని ఉంటే నవ్వి ఊరుకునేది. వదినకి భాష అమ్మ ఒడిలో వచ్చింది. ఎర వేసేవాళ్ళు ఎప్పుడూ 'మనం' అనే అంటారు. వదిన కూడా ఇందాకటి నుంచీ మనం, మనవాళ్ళు, మన చేతులారా అంటూనే ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ 'మేము'లో అమ్మాయి లేదు, ఇల్లూ లేదు. వదినా ప్రొఫెసరూ ఉన్నారు, అంతే. అంటే రాత్రి విందు అబద్ధం. ఆ పరికరం డమ్మీ కాదు.

ఫోన్ తీసింది. "పెదనాన్నా, వదిన పుట్టింటికి వెళ్ళిపోతోంది."

చుట్టాల భాషలో దానికి ఒకటే అర్థం, శత్రువుతో కలిసిందని. పెదనాన్న గొంతు చల్లబడింది. "సాక్ష్యం?"

"మనం అనాల్సిన చోట మేము అంది."

"ఒక్క మాట పట్టుకునా? నీకు వ్యాకరణం పిచ్చి పట్టింది. అది డమ్మీ అని ఆమే చెప్పింది కదా. అమ్మాయి జోలికి వెళ్ళకు. ఇది ఆర్డర్." పెట్టేశాడు.

పిన్ని బావకి చేసింది. "ఇవాళ సాయంత్రం విమానాల్లో ప్రొఫెసర్‌కి ఎన్ని టిక్కెట్లున్నాయో చూడు."

బావ వేళ్ళు టకటకలాడాయి. "రెండు. దొంగ పేర్లు, కానీ పాస్‌పోర్టుల్లో ఒక ఫొటో వదినదే." ఆగాడు. "పాపిష్టిది. నేను మనుషుల్ని తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తున్నాను పిన్నిగారూ. పెదనాన్న చంపితే ఇద్దర్నీ చంపుతాడు."

*

గేటు దగ్గర సెక్యూరిటీ అడ్డం నిలబడ్డాడు. "ఎవరు కావాలి? మీరెవరు?"

"జూనియర్ ఆపరేటర్ అమ్మాయి. నేను పిన్నిని."

ఉద్యోగంలో చేరాక ఆవిడ గేటు దగ్గర నిజం చెప్పడం అదే మొదటిసారి. అమ్మాయి వచ్చింది, మొహం పాలిపోయి ఉంది. తనకి పిన్నులెవరూ లేరు. ముఠావాళ్ళే ఎవరినో పంపారనుకుని కిక్కురుమనకుండా కారిడార్‌లోకి తీసుకెళ్ళింది. ఒక పక్క ఫోన్లు పెట్టే లాకర్లు, ఇంకో పక్క కంట్రోల్ రూమ్ అద్దం తలుపు. లోపల పెద్ద గోడంతా గీతలు, దీపాలు.

"నేను వాళ్ళ మనిషిని కాదు. గవర్నమెంట్ మనిషిని," అంది పిన్ని. "గుచ్చేశావా?"

అమ్మాయి తలూపింది.

"ఇది విను." వినికిడి మిషన్ తీసి అమ్మాయి చెవిలో పెట్టింది. 'పొద్దువాలేసరికి మేము దేశం దాటేసి ఉంటాం.'

అమ్మాయి కళ్ళు మూసుకుంది. "కారులోనే విన్నానండీ. విననట్టు ఉందామనుకున్నాను."

"నిన్ను ఇక్కడే వదిలేస్తారు. మూడు నగరాల పాపం నీ ఒక్కదాని నెత్తిన పడుతుంది. వెళ్ళి పీకెయ్."

"పీకితే వాళ్ళకి తెలిసిపోతుంది. వీడియో నాన్నకి పంపేస్తారు."

"పంపుతారు. నేను ఆపలేను." అబద్ధం చెప్పడం పిన్నికి పెద్ద పని కాదు, కానీ ఆ పూట ఎందుకో నోరు రాలేదు. "వాళ్ళు పంపేలోగా నువ్వే చెప్పగలవు. అంతవరకే మన చేతుల్లో ఉంది."

లాకర్ తలుపు తెరిచి అమ్మాయి ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. అవతల బస్సు రొద, ఎవరో చిల్లర అడుగుతున్నారు, మధ్యలో కండక్టర్ గొంతు. "చె... చెప్పమ్మా."

"నాన్నా, నేను చెప్పేదాకా ఏమీ అనకు." గుక్క తిప్పుకోలేదు. "చాన్నాళ్ళ కింద ఒక వీడియో వచ్చింది, బస్సు కండక్టర్‌ది, తువ్వాలు కట్టుకుని. అది నేనే. నిన్నే చేశాను. నువ్వు మాట కోసం వెతుక్కుంటుంటే నేను నవ్వించాను. ఇప్పుడు దాన్ని అడ్డం పెట్టుకుని నాతో పాడుపని చేయిస్తున్నారు. చేశాను కూడా. ఇప్పుడు ఆపితే నీకు పంపుతారు."

బస్సు రొద మాత్రమే వినపడింది. ఆ తరవాత, "మ..."

అద్దం వెనక కొత్త ఆపరేటర్ వచ్చాడు. కోటు తగిలించాడు. కుర్చీ లాక్కున్నాడు.

"మ... మ్మ..."

మాట ఆగిపోయినప్పుడు అందించడం అమ్మాయికి అలవాటు. ఆ వీడియోలో నవ్వంతా దాని మీదే నడిచింది. ఇప్పుడు నోరు తెరిచి, మూసుకుంది. ఆ 'మ' తరవాత ఏం రాబోతోందో పిన్నికి కూడా తెలియలేదు. మా అమ్మాయివి కాదంటాడా, మాట్లాడకంటాడా, మర్యాద తీశావంటాడా.

కొత్త ఆపరేటర్ కీబోర్డు దగ్గరికి జరుపుకున్నాడు.

అమ్మాయి ఆగలేదు. ఫోన్ పిన్ని చేతిలో కుక్కి, కార్డు గీకి, అద్దం తలుపు తోసుకుని పరిగెత్తింది. కొత్త ఆపరేటర్ పాస్‌వర్డ్ చివరి అక్షరం కొట్టి, లాగిన్ మీదికి వేలు తెచ్చాడు. అమ్మాయి టేబుల్ కిందికి దూరింది. కుర్చీ ఒరిగింది. వేలు పడింది.

గోడ మీద దీపాలు ఒకసారి రెపరెపలాడి నిలబడ్డాయి. టేబుల్ కింద నుంచి ఒక చెయ్యి పైకొచ్చింది, అందులో వేలెడంత పరికరం.

పిన్ని చెవి దగ్గర ఫోన్ ఇంకా ఊపిరి పీలుస్తోంది. "మ... మనం," అన్నాడు కండక్టర్. "మనం ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ము... ముందు ఆ పని చూడమ్మా."

అమ్మాయి బయటికొచ్చింది, మోకాళ్ళకి దుమ్ముతో. "ఏమన్నాడు?"

"మనం అన్నాడు," అంది పిన్ని.

అమ్మాయి లాకర్లకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. పిన్ని కూడా పక్కనే నేల మీద కూర్చుంది. కాసేపటికి చూసుకుంటే ఆవిడ నోట్లో లవంగం లేదు, ఎప్పుడు మింగేసిందో గుర్తు లేదు.

*

ప్రొఫెసర్‌నీ వదిననీ ఎయిర్‌పోర్ట్‌లో విమానం మెట్ల దగ్గర పట్టుకున్నారు. బేడీలు పడేలోగా ప్రొఫెసర్ కక్షకొద్దీ ఫోన్‌లో ఒక బటన్ నొక్కాడు. వీడియో కండక్టర్‌కి చేరింది. ఆయన పూర్తిగా చూసి, వారం రోజులు కూతురితో సరిగ్గా మాట్లాడలేదట. ఎనిమిదో రోజు, "నువ్వు 'ప' దగ్గర ఆపావు. నేను ఆ... ఆగేది 'మ' దగ్గర," అన్నాడట. ఆ తరవాత పిన్ని వాళ్ళ సంగతి కనుక్కోలేదు. కనుక్కునే సాధనాలన్నీ ఉండి కూడా.

కానీ అది తరవాతి మాట. ఆ సాయంత్రం వదినని ఇంటికి తెచ్చినప్పుడు కూడా ఎర్రకోటు నలగలేదు. మెట్ల మీద పిన్నిని చూసి ఆగింది.

"ఎక్కడ తప్పు చేశాను పిన్నిగారూ?"

"వ్యాకరణంలో."

పైన పెదనాన్న ఈల వేస్తున్నాడు. ఆర్డర్ మీరినందుకు తిట్టాలన్న సంగతి కూడా మర్చిపోయాడు. "శభాష్. ఇక అసలు సరుకు. ప్రొఫెసర్ సామాన్లోంచి తెల్లకాగితం మాస్టర్ డిస్క్ నువ్వే సీజ్ చేశావట కదా?"

"చేశానండి."

అరచేతిలో పట్టే డిస్క్. వేలమంది పిల్లల ఏడుపులు, బూతులు, అమ్మలతో గొడవలు అందులో ఉన్నాయి. కాపీ లేదు. ఊరందరి రహస్యాలూ ఆన్‌లైన్‌లో దోచుకున్న ప్రొఫెసర్, తన సొత్తు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టేంత తెలివితక్కువవాడు కాదు.

"బంగారు గని," అన్నాడు పెదనాన్న చేతులు రుద్దుకుంటూ. "ఆ పిల్లలే రేపు ఆఫీసర్లు, ఎడిటర్లు, మినిస్టర్లు. వాళ్ళు ఉతికినదంతా మన దగ్గర పడి ఉంటే ఎప్పటికైనా అక్కరకొస్తుంది. చెడ్డ పనికి కాదులే. దేశం కోసం."

పిన్నికి మధ్యాహ్నం లాండ్రీ గదిలో తిప్పినట్టే తిప్పింది. బిస్కెట్లు నమిలే కుర్రాడికీ ఈయనకీ కుర్చీ ఒక్కటే తేడా. కంచే చేను మేస్తానంటూ ఈల వేస్తోంది.

"డిస్క్ ఏదీ?"

"తల్లి వేషానికి వేసుకెళ్ళిన కోటు జేబులో పెట్టానండి."

"కోటు ఏదీ?"

"మురికైందని కింద షాపులో ఇచ్చాను."

ఈల ఆగింది. కింద నుంచి ఇస్త్రీ మిషన్ పెద్దగా బుస్సుమంది, దాని వెనకే ప్లాస్టిక్ మాడిన వాసన మెట్లెక్కి వచ్చింది. పెదనాన్న కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి ఆయాసం నిజంగానే వచ్చినట్టుంది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు? పైవాళ్ళకి మనం ఏం చెప్పాలి?"

పిన్ని చేతిసంచి సర్దుకుని లేచింది. చెప్పుల షాపు ఇంకా మూసి ఉండదు. "ఉన్నదే చెప్పండి పెదనాన్నా. తెల్లకాగితంవాళ్ళు పిల్లలకి అంతా ఉతికేస్తామని మాటిచ్చారు. ఆ మాట మనం నిలబెట్టాం."